పుష్పలీల టీచరు తాగని సగం నీళ్లు

క్రోయిడన్‌లో మా వీధి చివరి ఇంట్లో ఉండే పుష్పలీల పెద్దపిల్లల బడిలో ఫిజిక్స్ చెప్పేది. వాళ్లది వరంగల్ పక్కన పల్లె. పెళ్లయి ఈ దేశం వచ్చాక మళ్లీ పుస్తకాలు పట్టుకుని టీచరయింది. అదే బడి క్యాంటీన్‌లో నేను డిన్నర్ లేడీని, అంటే మధ్యాహ్నం పిల్లలకు వడ్డించి బల్లలు తుడిచే మనిషిని. నేను చదివింది ఐదో తరగతి. అయితేనేం, పనయ్యాక పుష్పలీల క్లాసు తలుపు అద్దంలోంచి తొంగి చూడకుండా ట్రాము ఎక్కిన రోజులు తక్కువ.

అన్నిట్లోకీ నాకిష్టమైంది డామినోల పాఠం. అది ఏడాదికొకసారే వచ్చేది. పొడుగాటి బల్ల మీద డామినో బిళ్లల్ని నిలబెట్టేది. ముందు ఒకటి, దాని వెనక రెండు, వాటి వెనక నాలుగు, అలా విసనకర్రలా విచ్చుకుంటూ పోయేవి. మొదటిదాన్ని చిటికెనవేలితో తోసేది. రెప్పపాటులో బల్లంతా పడిపోయేది. పిల్లలు ఒకటే చప్పట్లు, ఈలలు.

"అదేంటమ్మాయ్, ఆ ముక్కలు పడితే పిల్లలకంత సంబరం?" అని ఒకసారి అడిగాను.

"అణువు పగిలితే గట్లనే అయితది ఆంటీ. ఒకటి పగిలి రెండింటిని పగలగొడ్తది, అవి ఇంకో నాలుగింటిని. కంటికి కనబడని దాంట్ల ఎంత శక్తి దాగున్నదో చూడు."

ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయేది. అర్థమయ్యీ కాక నేనూ నోరు తెరుచుకుని వినేదాన్ని.

2004 వేసవి సెలవుల్లో టీచర్లను జపాన్ పంపే స్కీము ఒకటి వచ్చింది. ముందు హిరోషిమాలో శాంతి స్మారకాలు, తర్వాత కొండల్లో గుళ్లు చూపిస్తారు. చూసింది తిరిగొచ్చి పిల్లలకు చెప్పాలి, అదొక్కటే షరతు. పుష్పలీలను తీసుకున్నారు. నేను కందిపొడీ మాగాయీ కట్టిచ్చి, "అక్కడ చేపలు పచ్చివే తింటారట, చూసుకో" అన్నాను.

"వండిన చేపనే తినను గద నేను, ఆంటీ" అని నవ్వింది.

అలా నవ్వుతూ వెళ్లిన పిల్ల, వచ్చాక మా గడప తొక్కలేదు. మాగాయి ఏమైందని అడిగే నెపంతో నేనే వెళ్లాను. వాళ్లాయన హన్మంతు తలుపు తీశాడు.

"మీరే అడుగుండ్రి ఆంటీ. నాతోని ఏం చెప్తలేదు."

పుష్పలీల కిచెన్‌లో కూర్చుని ఉంది. ముందు డామినోల డబ్బా. మూత చుట్టూ టేపు వేసి ఉంది.

"ఇదేంటి, ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు కట్టేశావు?"

"చారిటీ షాపుకు దానం ఇచ్చేస్త. ఆ పాఠం ఇగ నాతోని కాదు. సెలవులైనంక హెడ్ టీచర్‌ను కలిసి ఉద్యోగం ఇడిశిపెడ్త."

"ఒక్క పాఠానికేనా? దాన్ని దాటేసి మిగతావి చెప్పుకో."

"పిల్లలు మొహం మీద అడుగుతరు, మిస్, డామినోలు ఏవీ అని. అప్పుడేం చెప్పాలె?"

టీ పెట్టి ఎదురుగా కూర్చున్నాను. చదువు రాకపోయినా అడగడం నాకు బాగా వచ్చు. ఏం చూశావు, ఎక్కడ చూశావు, ఎలా ఉంది అని ఒక్కొక్కటే లాగాను.

హిరోషిమా మ్యూజియంలో ఒక రాతిమెట్టు ఉందట. బాంబు పడ్డ పొద్దున, బ్యాంకు తలుపులు తీస్తారని ఎవరో ఆ మెట్టు మీద కూర్చున్నారు. బాంబు వెలుగుకు చుట్టూ ఉన్న రాయి తెల్లబడింది. మనిషి కూర్చున్నంత మేర నల్లగా మిగిలింది. ఎవరో, ఏమిటో. మనిషి పోయి నీడ మిగలడమన్నది నేను పురాణాల్లో కూడా వినలేదు.

"ఇంకా?"

"బడిపిల్ల టిఫిన్ డబ్బా. మాడి బొగ్గయింది."

"అందులో ఏముంది?"

"అన్నం, బఠానీలు."

బఠానీలు నేను రోజూ గరిటెతో వడ్డించేవే. వద్దని ప్లేటు పక్కకి తోసే పిల్లల్ని కసిరేదాన్ని.

"ఆ డబ్బా ముంగట నిలబడితే నాకేం వినబడ్డదో తెలుసా ఆంటీ? మా పిల్లల చప్పట్లు. ప్రతి ఏడు నేనే కొట్టించిన."

మాట మారుద్దామని ఇంకో ప్రశ్న వేశాను. "కొండలెక్కారు కదా, అక్కడెలా ఉంది?"

అప్పుడు కాస్త తల ఎత్తింది. చెట్లు ఎంత ఎత్తంటే కొసలు మబ్బులో ఉన్నాయట, కనపడనే లేదట. పాచి పట్టిన రాతిమెట్లు, నీళ్ల చప్పుడు, తలుపులు లేని ఎర్రటి ద్వారం. పైన గుళ్లో విగ్రహం కనబడదట.

"మరి దణ్ణం దేనికి పెడతారే?"

"కొండకే ఆంటీ. ఆ కొండనే దేవుడు."

నేను కూర్చున్నచోటే చేతులు జోడించాను.

ద్వారం దగ్గర రాతితొట్టిలో ఊటనీళ్లు, వెదురు గరిటెలు ఉన్నాయట. చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి, పక్కన ఉమ్మి లోపలికి పోవాలి. అందరూ అలాగే చేశారు. ఈ పిల్ల మాత్రం ఏ ధ్యాసలో ఉందో, కుడి అరచేతిలో నీళ్లు వంపుకుని తాగేసి, తడి చెయ్యి నెత్తికి రాసుకుంది. మనం తీర్థం పుచ్చుకున్నట్టే. వెనకున్న, బ్రాక్‌నెల్ ఊరి నుంచి వీళ్లతో వచ్చిన టీచరమ్మ, అది తాగేది కాదని చెవిలో చెప్పింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయిందట.

వాళ్లను తిప్పి చూపించే హనాద గారు, అరవై దాటిన ఆవిడ, అది చూసి దగ్గరికొచ్చింది. ఎందుకలా చేశావని అడిగింది.

"దేవుని దగ్గరి నీళ్లు మేం పారబొయ్యం, తాగి మిగిలింది నెత్తికి రాసుకుంటం అని చెప్పిన. ఆమె మెట్లెక్కుకుంట వాళ్లింటి సంగతి మెల్లగ చెప్పుడు మొదలుపెట్టింది."

హనాద గారిది హిరోషిమాయే. బాంబు పడ్డనాటికి చిన్నపిల్ల. వాళ్లక్క ఒళ్లంతా కాలి ఇల్లు చేరి నీళ్లడిగింది. కాలినవాళ్లకు నీళ్లిస్తే ప్రాణం పోతుందని ఎవరో చెబితే తల్లి ఇవ్వలేదు. అక్క నీళ్లు నీళ్లంటూనే పోయింది. ఆనాటి నుంచి ఆ తల్లి తను బతికున్నంతకాలం గ్లాసుడు నీళ్లు పూర్తిగా తాగలేదట. సగం తాగి, సగం కూతురికని పక్కన పెట్టేదట.

నా చేతిలో టీ చల్లారిపోయింది.

"నువ్వు ఏం చెప్తవు పిల్లలకు అని అడిగింది ఆంటీ. ఫిజిక్స్ అన్న. డామినోల సంగతి, చప్పట్ల సంగతి అన్నీ చెప్పిన. తిడ్తదనుకున్న. అయితే ఆ పాఠం నువ్వే చెప్పాలె అన్నది. నేను పోయినంక మా అక్క నీళ్లడిగిందని ఎవరు చెప్తరు అన్నది."

"నువ్వేమన్నావు?"

"ఏమంట. తల వంచిన."

"తల వంచావా? పెళ్లిలో తల వంచినదానివి, తర్వాత తాళి కట్టించుకోలేదా? ఒప్పుకున్నట్టేనమ్మా" అన్నాను. నవ్వలేదు. టేపు నన్ను తీయమంటావా అని అడిగాను. డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. నేను లేచి వచ్చేశాను.

బడి తెరిచారు. రాజీనామా మాట వినపడలేదు, డామినోల మాటా వినపడలేదు. నవంబరులో ఒక మధ్యాహ్నం బల్లలు తుడిచి వస్తూ అలవాటుగా అద్దంలోంచి చూశాను. బిళ్లలు నిలబడి ఉన్నాయి. పిల్లలు చప్పట్లకు చేతులు సిద్ధంగా పెట్టుకున్నారు. తలుపు ఓరగా ఉంటే చెవి ఆనించాను.

ముందు రాతిమెట్టు గురించి చెప్పింది. తర్వాత టిఫిన్ డబ్బా, తర్వాత అక్కగారి దాహం. పిల్లల చేతులు ఒళ్లోకి దిగిపోయాయి. చెప్పడం అయ్యాక కుళాయి దగ్గర గ్లాసు నింపి సగం తాగింది. మిగతా సగంతో గ్లాసును బిళ్లల మధ్య, కొన్నిటిని జరిపి, నిలబెట్టింది. అప్పుడు చిటికెనవేలితో తోసింది.

ఒకటి రెండింటిని, రెండు నాలుగింటిని. బల్లంతా పడిపోయింది. గ్లాసు చాటున ఉన్న కొన్ని బిళ్లలు మాత్రం నిలబడే ఉన్నాయి. గ్లాసులో నీళ్లు కాసేపు వణికి ఆగాయి. చప్పట్లు లేవు, ఈలలు లేవు. కడియం దగ్గర గోదారి కట్ట మీద వరద చూస్తూ నిలబడ్డ చిన్నతనం తరవాత, అంతమంది ఒక్కచోట అంత నిశ్శబ్దంగా ఉండడం నేను చూడలేదు.

ముందు వరసలోని మా వీధి సంజన మెల్లగా ఇంగ్లీషులో అడిగింది. "మిస్, ఆ మిగతా నీళ్లు మీరు తాగరా?"

"అవి నావి కావు" అంది పుష్పలీల.

గంట కొట్టారు. ఎప్పుడూ తోసుకుంటూ పరిగెత్తే పిల్లలు ఆ బల్లకు తగలకుండా ఒద్దికగా పక్క నుంచి నడిచి వెళ్లారు. అందరూ పోయాక నేను లోపలికి వెళ్లాను. పడిన బిళ్లల్ని ఏరి డబ్బాలో వేస్తోంది.

"ఎలాగూ ట్రాము దిగే దగ్గరే చారిటీ షాపు. ఇలా ఇచ్చెయ్, ఇచ్చేస్తాను" అన్నాను.

డబ్బాను తన వైపు లాక్కుంది. "ఆగు ఆంటీ. వచ్చే ఏడాదికి కావాలె."

చివరికి నిలబడ్డ బిళ్లల్ని కూడా తీసి డబ్బాలో పెట్టింది. గ్లాసు నేను అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది. రెండు చేతులా పట్టుకెళ్లి కిటికీ గట్టు మీద పెట్టి, లైటు తీసేసింది.