పసుపు పూసిన సర్కారు రాయి

పెద్ద సడకు నుంచి చీలి దబీర్‌పురా వెనకగా పోయే చిన్న సడకులో ఒక వంకర ఉంది. ఈ కాలం పిల్లలు అక్కడ సైకిలు నెమ్మది చేసి, ఏ తాగుబోతు ఇంజనీరు వేశాడో అని నవ్వుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఎవరూ తాగలేదు. పూర్తి తెలివిలో ఉండే వేశారు. మొదట సున్నం గీత ఒక జాగీర్దారు మామిడితోటలోంచి నేరుగా పోయింది. వారం తిరక్కుండా అదే గీత తోటగోడను తప్పించుకుని మా బర్రెల కొట్టంలోకి వచ్చింది. అది సడకు గీతని మాకెవరూ చెప్పలేదు.

నేను కాపురానికొచ్చి అప్పటికి ఏడాది. పాలమ్ముకుని బతికే ఇల్లు మాది. ఎనిమిది బర్రెలు, వాటికి నీళ్లిచ్చే బావి, అంతే ఆస్తి. కొలతలు వేసే అమీను గొలుసుతో వచ్చి కొట్టం నడుమ ఒక రాయి పాతించాడు. ఎందుకని మా అత్త అడిగితే, సర్కారు రాయి, కదిలిస్తే జైలు అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. కదిలించకూడని రాయి అంటే మా అత్తకు తెలిసింది ఒకటే, ఊరి నడుమ పాతే బొడ్రాయి. పాడి చల్లగుండాలని ప్రతి శుక్రవారం నాచేత దానికి పసుపు పూయించి, కుంకుమ పెట్టించింది. బర్రె ఈనితే తొలి జున్ను దానికే. ఈ మధ్యలో అమీను రెండుసార్లు వచ్చాడు. అంతా చూశాడు. మా మజ్జిగ తాగి మూతి తుడుచుకున్నాడు గానీ నోరు విప్పలేదు. తాగిన మజ్జిగకైనా విశ్వాసం ఉండాలి గదా.

ఎండాకాలంలో నోటీసు వచ్చింది. కొట్టం, బావి రెండూ సడకులో పోతాయట. మామ కచేరీకి పరుగెత్తాడు. బావి లేకపోతే బర్రెలు బతకవని, బర్రెలు లేకపోతే మేం బతకమని కాళ్లావేళ్లా పడ్డాడు. వద్దని చెప్పుకునే గడువు దాటిందన్నారు. అమీను కాగితాల్లోంచి తలెత్తకుండా ఏమన్నాడో మామ ఇంటికొచ్చి చెప్పాడు.

"రాయి పాతిననాడు వద్దనకపోతిరి. పైంగ పసుపు కుంకుమ పెట్టి మొక్కితిరి. ఇప్పుడేంది లొల్లి, అన్నడు."

అత్త ఏడవలేదు. నా చేతులవంక చూసింది. ఆరోజు శుక్రవారం. గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. బూడిద పెట్టి తోమాను, చర్మం లేచిందాకా తోమాను. ఎవరి మీద కోపమో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు బాగా తెలుసు.

బావి పూడ్చేశారు. ఆరు బర్రెలను అమ్మి, రెండింటితో ఒక ఇరుకు గల్లీలోకి అద్దెకు పోయాం. కదిలిస్తే జైలన్న ఆ రాయిని, పని తీరాక వాళ్లే పెకలించి పక్కన పడేశారు. అత్త పోయి దాన్ని నా నెత్తి మీదికి ఎత్తింది.

"మోసుకరా బిడ్డా. గిన్ని దినాలు మనం దీనికి చేసినం. ఇగ గిది మనకు చెయ్యాలె."

కొత్త కొట్టంలో బర్రెల మూత్రం పారే చోట దాన్ని వేశాం. ప్రతి శుక్రవారం అత్త దాని మీదే నిలబడి పేడచేతులు కడుక్కునేది. ఆమె పోయాక నేను కడుక్కుంటున్నాను.