మూడున్నరకు లేపే డ్యూటీ

నిన్న రాత్రి నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్త, చాయ్ తాగుకుంట వినుండ్రి.

శాలిబండల మాకు నాలుగు బర్రెలున్నయి. పాలు పిండాలె గద, ఇరవై ఏండ్ల సంది మూడున్నరకు టక్కున మెలకువొస్తది. అలారం గిలారం మనకు అక్కర్లేదు. రాత్రి మెలకువ ఎందుకొస్తదని ఎవరన్న అడిగితే, "ఫికరున్నోనికి నిద్రే పట్టది, పనున్నోనికి టైముకు పోతది" అని లెక్చర్ గుడ ఇస్త. రంజాన్ల ఎదురింటి సలీం భాయ్ తలుపు కొట్టి, తెల్లారకముందు తినే సహరీకి లేపే డ్యూటీ నాదే. నేను లేపకపోతే ఆ ఇంటోళ్లు పొద్దంత ఖాళీ కడుపుతోని రోజా ఉండాలె. గంత భారం నా మీద.

నిన్న సాయంత్రం భాయ్ ఇంట్ల నుంచి ఇఫ్తార్ ప్లేట్ వచ్చింది, దాంల మస్తు పుచ్చకాయ ముక్కలు. మా ఆమెకు జలుబు. అన్నీ నేనే తిన్న.

రాత్రి టక్కున మెలకువొచ్చింది. గడియారం చూసుడు మనకు నామోషీ. గల్లీల లైట్లున్నయి, చాయ్ హోటల్ల జనమున్నరు. ఇంకేంది, మూడున్నరైందనుకొని పోయి భాయ్ తలుపు దడదడ కొట్టిన. "ఉఠో భాయ్, సహరీ!" తర్వాత బకెట్ పట్టుకొని బర్రె కింద కూసున్న. అది పాలు చేపలే. ఒక్క తన్ను తన్నితే బకెట్ పోయి మోరిల పడ్డది.

భాయ్ కండ్లు నలుపుకుంట వచ్చి ఫోన్ చూపిచ్చిండు. "మియా, ఏక్ బజ్‌రా."

ఒంటిగంట. నన్ను లేపింది పని కాదు, పుచ్చకాయ. బాత్రూంకు ఉరికిన.

"మీరు పండుకోండ్రి భాయ్, మూడున్నరకు మళ్ల లేపుత" అని మాటిచ్చి, నిద్ర రావద్దని కొట్టం ముంగట మంచం మీద కూసున్న. కూసున్నదే యాదున్నది.

ఎవరో భుజం పట్టి కుదిపిన్రు. చూస్తే సలీం భాయ్. "నాలుగున్నరైంది, నీ బర్రెలు ఒర్రుతున్నయ్."

దిగ్గున లేచిన. "మరి మీ సహరీ?"

"తిన్నం. అలారం ఉంటది గద."

"ఎప్పటిసంది?"

భాయ్ జర మొహమాటపడ్డడు. "మస్తు ఏండ్ల సంది. రోజూ మూడింటికే లేస్తం. నువ్వొచ్చి కొట్టేదాంక లైటు బంద్ చేసుకొని కూసుంటం. నీ దిల్ ఎందుకు ఖరాబ్ చేసుడని."

గిన్నేండ్లు నేను లేపినోళ్లంత ముందే లేసి కూసున్నోళ్లే. ఆ గల్లీల లేపాల్సినోడు ఒక్కడే ఉండె, వాన్ని గుడ ఇయ్యాల సలీం భాయే లేపిండు.