అంజవ్వకు రెండు వందల పదహారు మెసేజ్‌లు

మొన్న ఎల్లారెడ్డిల ఏమైందో చెప్తే మీరు నవ్వుతరు. నవ్వుండ్రి, మీకేంది! నా ఆఫీసు బూట్లు మూడు రోజులు విత్తనాల లైన్ల నిలబడ్డయి. నేను కాదు, బూట్లు!

మొదటి నుంచి చెప్త. మాది కామారెడ్డిల ఒక మొబైల్ షాపు మీద రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఎల్లారెడ్డిల సోయా విత్తనాలు పంచే ఒక రైతు సంఘం మాకు పని ఇచ్చింది. ఆడ లైన్ల మనుషులు నిలబడరు. వచ్చినోళ్లు వచ్చినట్టు చెప్పులు ఇడిచి, వరుసల పెట్టి, నీడకు పోయి కూసుంటరు. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్లకే ముందు సంచి. నాకు అది చూస్తేనే మండేది. ఏ కాలంల ఉన్నం మనం? "లిస్టు నాకియ్యుండ్రి, ఎవరు ఏ పూట రావాల్నో వాళ్ల ఫోన్‌కే మెసేజ్ పంపిస్త" అన్న.

జావాల కామెల్ అని ఒక ఫ్రేమ్‌వర్క్ ఉంటది. ఒక దిక్కు నుంచి వచ్చిన ఫైలును ఇంకో దిక్కుకు పంపుడు దాని పని. రైతుల లిస్టు ఎక్స్ఎంఎల్ ఫైలుగ వస్తది. దాన్ని రైతుకో చీటీ లెక్క కోసి, ప్రతి చీటీల నుంచి పేరు, నంబరు తీయాలె. తీసేది ఎక్స్‌పాత్. అండ్ల ఫంక్షన్లు మస్తుంటయి. మాటలు కలిపేది ఒకటి, ఖాళీలు తుడిచేది ఒకటి, లెక్కపెట్టేది ఒకటి. నాకొచ్చినయన్నీ వాడిన! నా ఒక్కని పేరుతోని ఫైలు చేసి టెస్టు చేసిన. టింగుమని మెసేజ్ వచ్చింది. ఇంకేం, టెస్టింగ్ ఖతం.

నాగిరెడ్డిపేట దగ్గర మా ఊర్లె రెండెకరాల చెల్క చేసుకునేది మా అన్న. అప్పటికే ఆయన చెప్పులు లైన్ల తొమ్మిదో జాగల ఉన్నయి. ఫోన్ చేసిన.

"అన్నా, ఆ చెప్పులు తీసెయ్. ఇజ్జత్ పోతుంది. ఇంట్ల కూసో, మెసేజ్ వస్తది."

"పక్కానా తమ్మీ? మొగులు పట్టింది. వాన వడే యాళ్లకు విత్తనం చేతుల లేకుంటే కష్టమైతది."

"నా మీద నమ్మకం లేదా?"

నమ్మకం ఉండె. అదే కొంప ముంచింది. చెప్పులు తొడుక్కొని ఇంటికి పోయిండు.

తెల్లారి పొద్దున సిస్టం నడిపిన. లెక్కపెట్టే ఫంక్షన్ స్క్రీన్ మీద చూపెట్టింది: రెండు వందల పదహారు మెసేజ్‌లు పోయినయ్! ఆఫీసుల అందరికీ సమోసలు తెప్పించిన.

పదింటికి అన్న ఫోన్. "మెసేజ్ రాలే తమ్మీ."

"వస్తది అన్నా, నెట్‌వర్క్ స్లో ఉండొచ్చు."

పదకొండింటికి మళ్ల ఫోన్, ఈసారి విత్తనాల గోదాం కాడికాంచి. "చెప్పులు పెట్టినోళ్లు సంచులు ఎత్తుకొని పోతున్నరు రా!"

అంతల సంఘం క్లర్కు ఫోన్ చేసిండు. "సార్, అంజవ్వ అని లిస్టుల మొదటి పేరు. మీతోని మాట్లాడాల్నట." ఫోన్ ఆమె చేతికిచ్చిండు.

"బిడ్డా, ఎవరికేమైంది? పొద్దటి సంది నా ఫోను ఒక్కతీరుగ మొత్తుకుంటుంది. మా కోడలు చదివి చదివి యాష్టపడ్డది. అన్నిట్ల నన్నే రమ్మన్నరట. వచ్చిన కదా, ఇంక ఆపుమను!"

నా చేతిల సమోస చేతిల్నే ఉంది. చీటీలు కోసిన గని, పేరు, నంబరు తీసేటప్పుడు 'ఈ చీటీల మాత్రమే చూడు' అని రాయలే. రాయకుంటే ఎక్స్‌పాత్ ప్రతిసారి మొత్తం లిస్టు మొదటికాంచి వెతుకుతది. మొదట దొరికేది అంజవ్వ. రెండు వందల పదహారు సార్లు అంజవ్వే! ఒక్క పేరుతోని టెస్టు చేసినోనికి ఇది ఎట్ల కనవడ్తది? లెక్క చెప్పిన ఫంక్షన్‌ది తప్పేం లేదు. ఎన్ని పోయినయని అడిగిన, చెప్పింది. ఎవరికి పోయినయని నేను అడిగితే కదా!

ఎల్లారెడ్డి బస్సెక్కి ఉరికిన. నేను పోయేసరికి గోదాం ఖాళీ. అన్న గడప కాడ నిలబడ్డడు. తిట్టినా బాగుండు.

"సదువుకున్నోనివి కదా అని తీసిన తమ్మీ" అన్నడు, అంతే. నా మొఖం ఏడ పెట్టుకోవాల్నో తెల్వలే.

రెండో లోడు మూడు రోజులకు వస్తదట. దానికి లైన్ల అప్పుడే చెప్పులు పడుతున్నయ్. అన్న నా కాళ్ల దిక్కు చూసిండు.

"నేను చెల్కకు పోవాలె. నీ బూట్లు ఇడువు."

కొత్తయి, పాలిష్ కూడ పోలే! ఇడిచిన. వట్టికాళ్లతోని కామారెడ్డి బస్సెక్కిన. కండక్టర్ టికెట్ ఇస్త ఇస్త నా కాళ్లనే చూసిండు.

మూడో నాటికి వాన రెండుసార్లు వడ్డది. పక్కోళ్ల చేండ్లల్ల విత్తుడైపోయింది, మా చెల్కల ఉత్త బురద. ఇంకా ఎప్పుడు విత్తుతడో, ఏం పండుతదో.

లోడు దిగేటప్పుడు పోయిన. క్లర్కు పాపం మంచోడే, మెల్లగ అడిగిండు. "సార్, మీ సిస్టం మళ్ల ఎప్పుడు పెడ్తరు?"

లైన్ దిక్కు చెయ్యి చూపెట్టిన.

"పెట్టిన కదా. ముందర నుంచి నాలుగోది. నల్లయి, లేసులున్నయి. మూడు రోజుల సంది ఒక్క తప్పు లేదు."