ఎత్తిన చెయ్యి

నా చిన్నప్పుడు మేం ఒమన్‌లోని బహ్లాలో, మా బాబాయి టైర్ల షాపు మీది ఇంట్లో ఉండేవాళ్లం. ఏటా మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్నం మూసిన షాపు నాలుగింటికి మళ్లీ తెరిచే వేళకి, ఆయన టీవీలో మొనాకో రేసు పెట్టేవారు. వ్యాఖ్యానం అరబ్బీలో వచ్చేది. కథ మాత్రం బాబాయి చెప్పేవారు. అది రేసు కోసం కట్టిన దారి కాదట, మామూలు ఊరి వీధులే. దాదాపు ఎనభై ఏళ్లుగా ఆ ఇరుకు మలుపుల్లోనే కార్లు పరిగెడుతున్నాయట. ఒకసారి అదుపు తప్పిన కారు ఏకంగా సముద్రంలో పడితే, నడిపేవాడు ఈదుకుంటూ బయటికొచ్చాడట. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని.

అన్నిటికన్నా నన్ను కట్టిపడేసింది టైర్లు మార్చే మనుషులు. కారు అలా ఆగేది, ఇలా నాలుగు చక్రాలూ మారిపోయేవి. చక్రం బిగించినవాడు చెయ్యి ఎత్తేవాడు. నాలుగు చేతులూ లేచేదాకా కారు కదిలేది కాదు. బాబాయి తన షాపులోనూ అదే పద్ధతి పెట్టారు.

నాకు పదేళ్లప్పుడు, రేసు నడుస్తుండగా, టైరు పంక్చరై ఒక కారు వచ్చింది. అందులో ఒక కడప అక్క ఉంది. ఎవరింట్లోనో పనిచేసి, రెండేళ్ల తరవాత సొంతూరికి వెళ్తోంది. మస్కట్‌లో విమానం అందుకోవాలి. బాబాయి స్టెప్నీ ఎక్కించి స్పానర్ నాకిచ్చి, పాత చక్రం డిక్కీలో పెట్టడానికి వెళ్లారు. స్పానర్ మీద నిలబడి తొక్కి నట్లు బిగించడం నాకప్పటికే వచ్చు. కానీ టీవీలో వాళ్లంత వేగంగా ముగించాలనిపించింది. చివరి రెండు నట్లు చేత్తో తిప్పి వదిలేసి, చెయ్యి ఎత్తాను.

డ్రైవరు ఇంజన్ స్టార్ట్ చేశాడు. కిటికీలోంచి అక్క నాకేసి నవ్వింది. ఆ నవ్వు చూశాక ఉండలేకపోయాను. చెయ్యి దించేశాను.

"బాబాయ్, రెండు బిగించలేదు."

డ్రైవరు నిజామాబాద్ మనిషి. "అన్నా, నీ రేసు టీవీలనే చూస్కో. పిల్లతోని పని చేపిస్తే గిట్లనే ఐతది. ఫ్లైటు ఆగుతదా?"

"రెండు నిమిషాలాగు తమ్ముడూ. చెయ్యి దించేసింది కదా, చూసుకుందాం" అన్నారు బాబాయి.

"నిదానంగా చూడన్నా. బిడ్డ నోరిప్పి చెప్పింది, అదే పదివేలు" అంది అక్క.

నన్ను తిడతారనుకున్నాను. ఆయన స్పానర్ మళ్లీ నాకే ఇచ్చారు. నేను తొక్కినవన్నీ తానూ ఒకసారి లాగి చూసి, తన చెయ్యి ఎత్తి నిలబడ్డారు. నేను ఎత్తేదాకా కారును కదలనివ్వలేదు. అంతకుముందే అబద్ధం చెప్పిన చేతికోసం అంత పెద్దమనిషి ఎదురుచూడటం నాకు ఆ రేసు కన్నా గొప్పగా తోచింది.

బాబాయి ఈ మధ్యనే పోయారు. నేనిప్పుడు ఆస్పత్రిలో మందులిచ్చే పని చేస్తున్నాను. ఒక్కోసారి ఇచ్చేశాక అనుమానమొస్తుంది. వరుసలో అందరూ చూస్తుండగా ఆ మనిషిని వెనక్కి పిలిచి, పొట్లం తీసుకుని మళ్లీ చూస్తాను. సిగ్గుగానే ఉంటుంది. అయినా పిలుస్తాను.