కూతకు ముందు విస్తరి

ఏం తినాలో, ఎప్పుడు తినాలో పదిమందికీ చెప్పి చెప్పి నా నోరు అలిసిపోయింది. ఇప్పుడు నాకే షుగరు వచ్చి డాక్టరుగారు చెబుతుంటే, పాపం ఈయనకి ఇంకా ఓపిక ఉంది కాబోలు అనుకుంటాను. బుద్ధిగా తలూపుతాను, ఇంటికొచ్చి పనసతొనలు తింటాను. తిండి విషయంలో ఒకరికి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమేనని నాకు తెలిసినంతగా ఆయనకి ఇంకా తెలియదు.

డెబ్భైల చివర్లో కొత్తపేట దగ్గర ఒక హైస్కూల్లో డ్రిల్లు మేస్టారుగా చేరాను. ఊరి చివర మా పేటలో నెలజీతం మొహం చూసిన మొదటి కొద్దిమందిలో నేనొకణ్ణి. సాయంత్రాలు స్కూలు గ్రౌండులో, చదువు ఆపేసిన పెద్ద కుర్రాళ్ళకి కబడ్డీ నేర్పేవాణ్ణి. ఊళ్ళో వాళ్ళకి మాత్రం అది చెడుగుడే. ట్రైనింగులో మాకిచ్చిన పుస్తకంలో ఆటగాళ్ళ భోజనం గురించి ఒక పట్టిక ఉండేది. పొద్దున్నే పాలు, వెన్న రాసిన రొట్టె, ఒక ఆపిల్ పండు. మా వైపు ఆపిల్ అంటే, జ్వరం ముదిరితే అమలాపురం నుంచి తెచ్చే పండు. అది ఇంట్లో కనిపిస్తే చుట్టాలు కంగారు పడేవారు.

అందుకని నేనే ఒక పద్ధతి పెట్టాను. పొద్దున్నే చద్దన్నం, ఉల్లిపాయ. ఆట అయ్యాక నానబెట్టిన శెనగలు, బెల్లం ముక్క. వీలైనప్పుడు గుడ్డు, రాత్రికి పప్పో కాలవ చేపో. అరటిపళ్ళకీ కొబ్బరిబొండాలకీ మాకెప్పుడూ లోటు లేదు. వీటన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది, నిండు కడుపుతో కూతకి వెళ్ళకూడదు. గీత దాటిన దగ్గర్నుంచి మళ్ళీ మన వైపు వచ్చేదాకా ఒక్క ఊపిరి మీద కూత పెట్టాలి. అది తెగిందా, మనిషి పోయినట్టే. కడుపు నిండా అన్నం ఉంటే ఊపిరికి చోటెక్కడుంటుంది?

ఈ మాట చెప్పినందుకు ఎన్ని తిట్లు తిన్నానో. తినమని బతిమాలే మనుషుల మధ్య, వద్దని చెప్పేవాడు పగవాడి కింద లెక్క. ఒక కుర్రాడి తల్లి నన్ను రోడ్డు మీదే ఆపింది. "జీతం తెచ్చుకునేవోరు, పిల్లల నోటికాడ కూడు లాగేత్తారేంటండి మేస్టారు?" అంది. తల వంచుకుని వెళ్ళిపోయాను.

నా మాట పూర్తిగా విన్నవాడు ఒక్కడే. వాడిది మా పేటే, మా వీధే. తండ్రి పక్కూరి ప్రెసిడెంటుగారింట్లో పాలేరు. నేను ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి. కుర్రాడు సన్నగా, వెదురు బద్దలా ఉండేవాడు. వాడి కూత మొదలైతే అవతలి జట్టు వెనక్కి నడిచేది. పస్తులు తెలిసిన ఇంట్లో పుట్టినవాడు కదా, తిండి ఉండి కూడా తన ఇష్టంతో తగ్గించుకోవడం వాడికి గొప్పగా ఉండేది. "ఇయాళ రెండు ముద్దలు ఉంచేసేనండి," అని నవ్వుతూ చెప్పేవాడు.

ఒక ఏడాది వేసవిలో దాళ్వా పంట కోతలు అయ్యాక ఆ పక్కూళ్ళోనే పోటీలు పెట్టారు. జిల్లా జట్టుకి ఆటగాళ్ళని ఎంచడానికి కాకినాడ నుంచి పెద్దలు వస్తున్నారన్నారు. ఆ జట్టులో చేరితే రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం దొరికే దారి ఉంది. వాడికి ఇంకో దారి లేదు. ఎంపిక కాకపోతే తండ్రి వెనకాలే ఆ ఇంటి పాలేరుతనానికి వెళ్ళాలి. ఈ సంగతి వాడికీ తెలుసు, నాకూ తెలుసు. తండ్రికి మాత్రం అది కొడుకు ఆడే ఒక ఆట, అంతే.

ఆటగాళ్ళకి భోజనాలు పెట్టేది ప్రెసిడెంటుగారే కాబట్టి ముందుగానే ఆయన దగ్గరికి వెళ్ళాను. "భోజనాలు ఆట అయ్యాక పెట్టించండి. ముందు పెడితే మావాళ్ళు కదల్లేరండి," అన్నాను.

"ఆయ్, అలాగేనండి మేస్టారు. మీరు చెప్పేకా ఇంకేముందండి," అన్నారాయన.

ఆ మర్యాదకి మురిసిపోయి వచ్చేశాను. తీరా పోటీల రోజు మేం వెళ్ళేసరికి మండువాలో విస్తర్లు వేసేసి ఉన్నాయి. కోడికూర, రొయ్యల వేపుడు, పనసపొట్టు కూర, గారెలు, పరమాన్నం. నేను నోరు తెరవబోయాను. "ఊరికొచ్చిన ఆటగాళ్ళు ఖాళీ కడుపుతో ఆడేరంటే మా పరువేం కావాలండి. కూర్చోండి, కూర్చోండి," అంటూ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. అన్ని కులాల కుర్రాళ్ళనీ ఒకే పంక్తిలో తన ఇంటి లోపల కూర్చోబెట్టడానికి ఆ రోజుల్లో కొంత ధైర్యమే కావాలి.

మా నాన్న ఇలాంటి ఇళ్ళలో పశువుల పాక పక్కన తాటాకు దొప్పలో తిన్నవాడు. ఆ మండువాలో నేను కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. పక్క విస్తరి ముందు కుర్రాడు వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. పెరటి గుమ్మంలోంచి నుయ్యి కనిపిస్తోంది. అక్కడ వాడి తండ్రి గడ్డిమోపు భుజాన పెట్టుకుని, నడవడం మర్చిపోయి, లోపలికి చూస్తున్నాడు.

"రెండు ముద్దలు తిని ఆపెయ్," అన్నాను మెల్లగా.

"ఆయ్," అన్నాడు వాడు.

ఇంటావిడ స్వయంగా వడ్డనకి వచ్చారు. "మనవాడి కొడుకే కదూ? వేయించుకో నాయనా, మొహమాటపడకు," అంటూ కోడికూర వేశారు. నా మాట ఎప్పుడూ సగమే వినే మిగతా కుర్రాళ్ళు ఆ రోజు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టారు. వీడు పెట్టలేదు. ఆవిడ మళ్ళీ వచ్చారు, మళ్ళీ వేశారు. వాడు ఆబగా తినలేదు. ఒక్కొక్క ముద్దా కలుపుకుని, నిదానంగా, విస్తరిలో మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

"ఇక చాలురా, లే," అన్నాను.

"పంక్తి మధ్యలో లేత్తే బాగోదు కదండి," అన్నాడు నా వైపు చూడకుండా. వాడి చూపు నూతి దగ్గరే ఉంది.

ఎండ చల్లబడగానే ఆట మొదలైంది. మొదటి కూతలోనే వాడి ఊపిరి సగంలో తెగింది. మళ్ళీ వెళ్ళాడు, అవతలివాళ్ళు గడ్డిపరకని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. ఆ తర్వాత గడ్డిమేటు వెనక్కి వెళ్ళి కక్కుకున్నాడు. "మీరు చెప్పింది ఇతని గురించేనా?" అని, ఆటకి ముందు నేను వాడి గురించి గొప్పగా చెప్పి ఉంచిన కాకినాడ పెద్దమనిషి నన్నడిగాడు. అవునన్నాను. ఎంపికలో వాడి పేరు రాలేదు.

కాలవగట్టు మీద ఇంటికి నడుస్తుంటే నాకు కోపం ఆగలేదు. "ఇన్నాళ్ళూ ఎవరికిరా చెప్పాను? గోడకా?" అన్నాను.

"మీరు చెప్పిందే రైటండి," అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్ళీ తనే అందుకున్నాడు. "మా నాన్న చూత్తన్నాడండి. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో పనిచేసి ఒక్కరోజు ఆ గుమ్మం లోపలికి ఎళ్ళలేదండి. నేను చెయ్యి అడ్డం పెట్టి లేచిపోతే, ఇంక ఆయన చూసిందేముంటదండి?"

కోపం పోయి నీరసం మిగిలింది.

"తిన్నందుకే పోయిందని మాత్రం ఆయనకి చెప్పకండి మేస్టారు," అన్నాడు.

ఆ తొలకరికే వాడు ఆ ఇంటి చేలో ఊడ్పులకి దిగాడు. నేను ఎనభైల పొడవునా వేరే కుర్రాళ్ళకి అవే శెనగలు, అదే బెల్లం, అదే నియమం చెబుతూనే ఉన్నాను. చెప్పడం నా ఉద్యోగం కాబట్టి చెప్పాను. లోపల మాత్రం ఎప్పుడో అలిసిపోయాను.

బాబాయ్ ఆ భోజనం సంగతి చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. చర్చి మెట్ల మీద, టీ కొట్టు దగ్గర, ఎవరు దొరికితే వాళ్ళకి. నేను అటు వెళుతూ కనిపిస్తే చాలు, ఆపేసేవాడు. "అమ్మగారు సొయంగా మా వోడికి మళ్ళీ మళ్ళీ కోడికూర ఏసేరంటే ఈళ్ళు నమ్మట్లేదండి. మీరు పక్కనే కూర్చున్నారు కదండి మేస్టారు, మీరు చెప్పండి," అనేవాడు. టీ కొట్టు బల్ల మీద ఒక చివర కొడుకు కూడా కూర్చుని ఉండేవాడు, చేలోంచి వచ్చిన బురద కాళ్ళతో, నా మొహం కేసి చూస్తూ.

"నిజమే బాబాయ్," అనేవాణ్ణి. "కడుపునిండా తిన్నాడు."