తండ్రి ఉండగా మీసం తీసిన హర్‌జీవన్

హర్‌జీవన్ దవే గురించి హర్‌జీవన్ దవే చెప్పినవి సగం నమ్మితే చాలు. ఏ కథ చెప్పినా అందులో రాణి వేషం తనకే ఉంచుకునేవాడు. నేను చెప్పేది ముప్పాతిక నమ్మవచ్చు. నేను తరతరాలుగా పాటా తాళమూ వృత్తిగా ఉన్న మీర్ల ఇంటివాణ్ణి, పేరు ఆలమ్, ఆయన నాటక కంపెనీలో తబలా వాయించినవాణ్ణి. రాణి ఏడుస్తుంటే ఎవరు కళ్ళు తుడుచుకుంటున్నారో, ఎవరు ఆవలిస్తున్నారో వేదిక ముందు కూర్చున్న తబలావాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

వాళ్ళది కాఠియావాడ్‌లోని లింబ్డీ. తండ్రి నర్భేరామ్ దవే పురాణం చెప్పే భట్టు. పెద్ద రాగి బిందె ముందు పెట్టుకుని, వేళ్ళకు ఉంగరాలు తొడుక్కుని, దాని మీద తాళం వేస్తూ కథ ఎత్తుకుంటే ఊరంతా నడిబజారు చౌక్‌లో చేరేది. చెప్పేది దేవుడి కథే అయినా మధ్యలో ఎదురింటి కోడలి మీద ఒకటి, పక్క వీధి వ్యాపారి మీద ఒకటి విసిరేవాడు. తన తర్వాత ఆ బిందె కొడుకు చేతికి రావాలని ఆయన కోరిక. కొడుక్కేమో బిందె మోయడం కన్నా చీర మోయడం తేలిక అనిపించింది. ఊళ్ళో ఆడిన నాటక కంపెనీ డేరా ఎత్తేసిన రోజే వాడూ మాయమయ్యాడు. అప్పటికి కుర్రవాడు కాబట్టి వాడు అనే అంటున్నాను.

ఆ కంపెనీ మేనేజరు వాడి మొహం ఇటూ అటూ తిప్పి చూశాడట. "రాణికి కావలసినవన్నీ ఉన్నాయిరా నీకు. ఎక్కువైంది ఆ మీసం ఒక్కటే," అన్నాడట. తండ్రి పోతేనే మీసం మీద కత్తి పడాలని వాడికి తెలియక కాదు. రాణి వేషం కళ్ళెదురుగా కనబడుతుంటే శాస్త్రం కాస్త పక్కకు జరిగింది. మంగలి ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

నాలుగు ఊళ్ళలో పేరొచ్చాక ఇల్లు చూడాలనిపించి లింబ్డీలో రైలు దిగాడు. సరిగ్గా అప్పుడే నర్భేరామ్ కథ చెప్పడానికి చూడా అనే ఊరికి వెళ్ళి ఉన్నాడు. రైలు వచ్చిందీ ఆ దిక్కు నుంచే. స్టేషను బయట శనగపిండి గాంఠియా వేయిస్తున్న మిఠాయి కొట్టువాడు హర్‌జీవన్ పై పెదవి చూసి గరిటె కింద పెట్టాడు. మా వైపు ఇలాంటప్పుడు ఎవరు పోయారని నోరు తెరిచి అడగరు, అంతకన్నా మోటుతనం లేదు. మొహం చూసి అర్థం చేసుకోవాలి, తువ్వాలు భుజాన వేసుకుని మాట లేకుండా వెనక నడవాలి. మిఠాయి కొట్టువాడు నడిచాడు. అతన్ని చూసి బట్టల కొట్టువాడు నడిచాడు. ఇద్దరినీ చూసి సగం బజారు నడిచింది. తలపాగా కింద గుండు కాదు, భుజాల దాకా పెంచిన జుట్టుందని వాళ్ళకేం తెలుసు.

హర్‌జీవన్ ఒకసారి వెనక్కి తిరిగి చూసి, తన కీర్తి లింబ్డీ దాకా వచ్చేసిందనుకున్నాడు. ఈ ముక్క ఆయనే చెప్పాడు కాబట్టి పూర్తిగా నమ్మవచ్చు. తనను తాను వెర్రివాణ్ణి చేసుకునే అబద్ధం ఆయన జన్మలో ఆడలేదు. ఎవరూ పల్లెత్తు మాట అనకపోయేసరికి, ఇంత మర్యాదా అని మురిసిపోయి, తల వంచుకుని రాణి నడకలో ఇంటికి బయలుదేరాడు.

అరుగు మీద పప్పు చెరుగుతున్న మేనత్త ఝవేర్ ముందు పెదవి చూసింది, తర్వాత వెనకున్న జనాన్ని చూసింది. చేట పక్కకు విసిరేసి రొమ్ము బాదుకుంది. "ఓ నా అన్నా, పరాయి ఊళ్ళో పోయావా, ఒక మాటైనా చెప్పకుండా పోయావా" అని రాగం తీసింది. చుట్టుపక్కల ఆడవాళ్ళు ముసుగులు లాక్కుని వచ్చి గుండ్రంగా నిలబడి ఆమెతో గొంతు కలిపారు. ఆ ఏడుపు విని హర్‌జీవన్ కూడా నిజమే అనుకున్నాడు. తండ్రి పోయాడు, తాను రాకముందే పోయాడు, ఊరు వెనక నడిచింది అందుకే. గడపలో కూలబడి "బాపా" అంటూ వాడూ మొదలుపెట్టాడు. వాడి పెదవి చూసి వాళ్ళు ఏడుస్తున్నారు, వాళ్ళ ఏడుపు చూసి వాడు ఏడుస్తున్నాడు. ఒకరికొకరు సాక్ష్యం.

ఏడుపు మంచి ఊపులో ఉండగా చూడా నుంచి ఎడ్లబండి వచ్చి ఆగింది. నర్భేరామ్ బిందె ఎత్తుకుని దిగి, గుంపు వెనక నిలబడి కాసేపు విన్నాడు.

"ఝవేర్, ఒక చరణం ఎగరగొట్టావే," అన్నాడు.

మేనత్త నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మిఠాయి కొట్టువాడికి పొయ్యి మీద వదిలేసిన మూకుడు గుర్తొచ్చింది.

"ఇంతకీ ఎవరి కోసం?" అని అడిగాడు నర్భేరామ్.

జనం మెల్లగా పక్కకు తప్పుకున్నారు. గడపలో కొడుకు, కళ్ళ నిండా నీళ్ళు, నున్నటి పై పెదవి. తండ్రి ఆ పెదవి వైపు చాలాసేపు చూశాడు.

"ఓహో, నా కోసమేనా," అన్నాడు.

"అది కాదు బాపా, నాటకంలో రాణి వేషం..."

"నాటకం సంగతి నాకు తెలియదురా హరియా. శాస్త్రం తెలుసు. నువ్వు మీసం తీశావు కాబట్టి నేను పోయాను. ఊరు కూడా ఒప్పేసుకుంది, చూడు."

"ఒక్కసారి వచ్చి చూడండి బాపా. చూశాక ఎంతైనా తిట్టండి."

"పోయినవాడు ఎక్కడైనా నాటకాలకు వస్తాడురా?" అని బిందె లోపలికి తీసుకుపోయాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని ముసలాయన ఏళ్ళ తరబడి కొడుకును కాల్చుకు తిన్నాడు. కొడుకు ధోవతులు పంపితే తన శ్రాద్ధానికి వచ్చినవని చెప్పి వీధి చివరి బ్రాహ్మడికి దానం చేసేవాడు. దీపావళికి వస్తే "పితృపక్షం దాటిపోయాక వచ్చావేరా, మతిమరుపు వెధవా," అనేవాడు. పితృపక్షంలోనే వస్తే దూధ్‌పాక్ పాయసం, పూరీ వండించి, పోయినవాళ్ళ పేరు చెప్పి ఇంటి కప్పు మీద పెట్టించి, నిచ్చెన వేసుకుని తానే పైకెక్కి తినేవాడు. "అన్నా, అది కాకులకు పెట్టింది," అని ఝవేర్ కింద నుంచి అరిస్తే, "మధ్యలో కాకులెందుకే, అసలువాణ్ణే వచ్చాను కదా," అనేవాడు.

వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. హర్‌జీవన్ కూడా నవ్వేవాడు. తిరుగు రైలెక్కాక మాత్రం ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

కొన్నాళ్ళకు సొంత కంపెనీ పెట్టాడు, రసవిలాస నాటక మండలి. ఇక వాడు అనకూడదు, ఆయన అనాలి. కథ ఆయనదే, మేనేజరు ఆయనే, రాణీ ఆయనే. పట్టుచీర కట్టుకుని, నోట్లో బీడీతో, తెర లాగేవాళ్ళ తాతముత్తాతల్ని తిట్టి, అదే నోటితో వేదికెక్కి "ప్రాణనాథా" అంటే జనం కరిగిపోయేవారు. భావ్‌నగర్‌లో భార్య పోయిన ఒక వర్తకుడు చీర పంపి, సంబంధం కూడా అడిగించాడు. ఈయన చీర ఉంచుకుని సంబంధం తిప్పి పంపాడు. ఆ చీర కట్టుకున్నది ఆయన భార్య సంతోక్. "అందరికీ సవతుల బాధ. నాకు మాత్రం మా ఆయన వెంటపడే మగవాళ్ళ బాధ," అని ఆమె మా వంట దగ్గర కూర్చుని చెప్పుకునేది.

కాఠియావాడ్ అంతా తిరిగాం గానీ లింబ్డీలో మాత్రం డేరా వేయలేదు. చివరికి ఒకనాడు అద్దం ముందు నడికట్టు బిగించుకుంటూ, అది అందక, ఆయనే అన్నాడు.

"ఆలమ్, నడుము చూశావా?"

"చూస్తూనే ఉన్నాను సేఠ్. మన రాణిగారు బాగా తింటున్నారు."

"ఇంకో ఏడాది పోతే రాజమాత వేషమే. ఇంతమంది చూశారు, మా బాపా ఒక్కడు చూడలేదు. రాణి ఉండగానే చూడాలి. లింబ్డీకి కట్టండి సామాను."

మేం చౌక్ పక్క మైదానంలో డేరా వేశాం. ముసలాయన ఊరుకుంటాడా? నాటకం మొదలయ్యే వేళకే చౌక్‌లో బిందె పెట్టుకుని కూర్చున్నాడు. పెద్దమనుషులు వెళ్ళి కాస్త ముందో వెనకో చెప్పుకోమంటే, "చచ్చినవాడి నోరు కూడా మూయిస్తారా?" అన్నాడు. ఊరేలే ఠాకోర్ కచేరీకి కబురు పెట్టి ఆపిద్దామని మా వాళ్ళంటే హర్‌జీవన్ వాళ్ళను చెప్పు తీసుకుని తరిమాడు. మొదట్లో ఊరు సగం అటే ఉంది, తండ్రీకొడుకుల తగువు చూడటానికి చౌక్ మంచి చోటు మరి. రాణి మెల్లగా మాట్లాడినప్పుడల్లా వెనక నుంచి టంగుమని బిందె పలికేది, నా తాళం తప్పేది. కానీ రంగుల తెరల ముందు రాగి బిందె ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒక్కొక్కరే లేచి మా వైపు వచ్చేశారు.

"గెలిచారు సేఠ్. చౌక్‌లో కుక్క కూడా లేదు," అన్నాను.

ఆయన బీడీ ఆర్పేశాడు. తెర వెనక నిలబడి చెవి పెట్టి విన్నాడు. ఖాళీ చౌక్‌లో బిందె మోగుతూనే ఉంది.

"గెలుపు నీ మొహం. మా బాపా గోడలకు కథ చెబుతున్నాడు," అన్నాడు. వెంటనే చెలికత్తె వేషాలవాళ్ళనీ నర్తకుల్నీ పిలిచి, "రాణి ఏడ్చే ఘట్టం దాకా మీకు పని లేదు. మొహాలు కడుక్కుని, తలపాగాలు చుట్టుకుని, పోయి చౌక్‌లో కూర్చోండి. బుద్ధిగా వినండి," అన్నాడు.

ఆ తర్వాతది చెలికత్తె వేషాలు వేసే మూళో అనేవాడు చెప్పాడు. అందరూ వరసగా కూర్చున్నారట. చెవుల వెనక తెల్ల పౌడరు, కళ్ళకు కాటుక, ఒక్కడికీ మీసం లేదు. నర్భేరామ్ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసి బిందె మీద చెయ్యి ఆపాడట.

"ఊళ్ళో కలరా ఏమైనా తగిలిందా నాయనా? ఇంతమంది తండ్రులు ఒక్కసారే పోయారేం?"

"లేదు బాపా, అందరూ బాగానే ఉన్నారు," అన్నాడు మూళో.

"మరి మిమ్మల్నెవరు పంపారు?"

వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలాయన ఉంగరాలు సర్దుకున్నాడు.

"మళ్ళీ వేదిక మీదికి ఎప్పుడు పోవాలి మీరు?"

"రాణి ఏడ్చేటప్పటికి, బాపా."

"అయితే కథ కుదించి చెబుతాను. ఆలస్యమైతే వాడు తిడతాడు మిమ్మల్ని," అన్నాడట.

మర్నాడు నాటకం వేళకు చౌక్ నుంచి చప్పుడు లేదు. హర్‌జీవన్‌కు కాలు నిలవలేదు. "బిందె ఎందుకు మోగడం లేదు? ఒంట్లో ఎలా ఉందో ఎవరైనా వెళ్ళి చూడండ్రా," అని చీర కుచ్చిళ్ళు పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. ఈలోగా డేరా గుడ్డ ఎత్తుకుని నర్భేరామ్ లోపలికి వచ్చాడు. వచ్చి ముందు వరసలో, నాకు ఎదురుగా కూర్చున్నాడు.

మిఠాయి కొట్టువాడు వెనక నుంచి వంగాడు. "దవే బాపా, మీరు పోయారు కదా, నాటకానికి వచ్చారేం?"

"ఇవాళ తండ్రి చావు ఘట్టం ఉందట. నేను లేకుండా ఎలా జరుపుతారు?" అన్నాడు ముసలాయన.

తండ్రి వెళ్ళగొట్టిన రాజకుమార్తె రాణి అయ్యాక తిరిగొచ్చి, తండ్రి శవం ముందు పాడే పాట అది. హర్‌జీవన్ వేదిక మీదికి వచ్చి, రెండు చరణాలు పాడి, ముందు వరస చూశాడు. నోరు ఆగిపోయింది. నేను వట్టి తాళం వేస్తూ కూర్చున్నాను. పక్క తెర చాటు నుంచి మాట అందించేవాడు అందిస్తూనే ఉన్నాడు. ఎంతసేపటికో ఆయన మళ్ళీ పాడాడు, ఆ గమకాలూ ఆ వయ్యారాలూ ఏమీ లేకుండా, మామూలు గొంతుతో. ‘పితాజీ’ అని రాసినచోట ‘బాపా’ అన్నాడు. శవంగా పడుకున్నవాడి భుజాలు కదులుతున్నాయి, వాడికీ ఏడుపొచ్చింది. నర్భేరామ్ మొహంలో ఏమీ లేదు. వేళ్ళు మాత్రం మోకాలి మీద నా తాళానికి కలుస్తున్నాయి.

పాట అయిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"వన్స్ మోర్," అన్నాడు నర్భేరామ్.

మిఠాయి కొట్టువాడు బిత్తరపోయాడు. "బాపా, మీ చావు పాట మీరే మళ్ళీ పాడమంటారా?"

"కొడుకు ఎలా ఏడుస్తాడో విని పోయే అదృష్టం ఏ తండ్రికుందిరా? ఆ రోజు తొందరపడి మధ్యలో ఆపేశాను. ఇవాళైనా పూర్తిగా విననీ," అన్నాడు.

మా దగ్గర వన్స్ మోర్ అడిగాక పాడాల్సిందే. చచ్చిన రాజులు కూడా లేచి పాడి మళ్ళీ చస్తారు. హర్‌జీవన్ మళ్ళీ పాడాడు. పౌడరు చారలు చారలుగా గడ్డం దాకా కారింది, ముక్కు కారింది, శ్రుతి రెండుచోట్ల పోయింది. ఆయన అంత చెడ్డగా పాడటం నేను వినలేదు, అంత బాగా పాడటమూ వినలేదు. నేను వాయించానో లేదో నాకు గుర్తు లేదు.

ఈసారి డేరా అంతా లేచింది. అందరూ వన్స్ మోర్, వన్స్ మోర్ అని బెంచీలు బాదుతున్నారు. హర్‌జీవన్ కొంగుతో మొహం తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎత్తుకోవడానికి చెయ్యి చాచాడు. నర్భేరామ్ లేచి, వేదికకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, ఉంగరాల చెయ్యి పైకెత్తాడు.

"ఇక చాలు. పిల్లవాడు అలిసిపోయాడు," అన్నాడు.

మా కంపెనీలో వన్స్ మోర్ అడిగాక పాడకుండా తెర దించింది ఆ ఒక్కసారే.