అత్త వెలిగించిన నెమలి

బెంగాలీల నడుమ ఉన్న మా తెలుగు పేట ఖరిదాలో అమ్మవారి ఊరేగింపుకి ఇప్పుడిన్ని వెలుగుల బళ్లు వస్తున్నాయంటే, అది మా పక్కింటి అత్త పుణ్యమే. ఓసారి హైదరాబాద్ థీమ్ పార్కులో లైట్ల ఊరేగింపు చూసొచ్చి, మనకీ అలాంటిది కావాలని పట్టుబట్టింది. ఓ బండి మీద వెదురు నెమలిని కట్టించి, ఒళ్లంతా తనే బల్బుల దండలు చుట్టింది.

తీరా బయల్దేరే వేళకు జనరేటర్ ఆగిపోయింది. మేమంతా డీలాపడ్డాం.

"ఏటర్రా ఆ మొకాలు? సూస్తుండండి!" అంది అత్త. ఎప్పుడూ ఆమె మాట అదే. రోడ్డుకి అడ్డంగా నిలబడి ఓ బ్యాటరీ రిక్షాని ఆపేసింది.

"దాదా, నీ బ్యాటరీ మా నెమలికి కావాల!"

"మరి నేను, దీదీ?" అన్నాడతను బిత్తరపోయి.

"నువ్వూ నెమలెక్కు!"

అతను నవ్వుతూ తీగలు కలిపాడు. నెమలి ఒక్కసారిగా వెలిగింది. వీధంతా కేకలు! మేం నెమలిని చూస్తుంటే, అత్త దానికి వీపు తిప్పి, వెలుగు పడిన మా మొహాలు చూస్తూ చప్పట్లు కొట్టింది.